కనిపించినంత మేర చేనేత

(ఆగస్టు 7న ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. బాబూ, ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తావా, కాగితాలు నిలవట్లేదు. ఆ, చాలు.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ "మేడంగారు ఇరవై ఏళ్లుగా చేనేత తప్ప ఇంకోటి కట్టరు" అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. వినడానికి నాకూ బాగానే ఉంది. కానీ ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం చెప్పుకుందామనే ఈ రోజు రావడానికి ఒప్పుకున్నాను. లేకపోతే ఆగస్టు 7న చేనేత గురించి మాట్లాడేవాళ్లకి కరువా? 1905లో ఇదే రోజున కలకత్తా టౌన్‌హాల్లో స్వదేశీ ఉద్యమాన్ని ప్రకటించారని, 2015 నుంచి దీన్ని జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారని మీకు తెలుసు. పొద్దున్నుంచి మీ ఫోన్ల నిండా చీరల ఫొటోలే వచ్చుంటాయి. నేనూ ఒకటి పెట్టాను. (నవ్వులు)

మాది మంగళగిరి. మా తాత గుంట మగ్గం మీద నేసేవాడు. నాన్న మగ్గంలో దిగలేదు, నేతగాళ్ల సహకార సొసైటీలో లెక్కలు రాశాడు. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్నాను. మూడు తరాల్లో నేత మా చేతుల్లోంచి జారి ఒంటి మీదకి వచ్చింది.

నాన్న లెక్కల పిచ్చి నాకూ కొంచెం అంటింది. నిరుటి ఉగాది నుంచి ఈ ఉగాది దాకా ఇంట్లోకి కొన్న బట్టంతా ఒక నోట్‌బుక్కులో రాస్తూ వచ్చాను. మొదటి పేజీ చూస్తే నాకే గర్వంగా ఉంది. చీరలు ఆరు, ఆరూ చేనేతే. మంగళగిరి రెండు, వెంకటగిరి, నారాయణపేట, ఉప్పాడ, పోచంపల్లి ఒక్కోటి. రెండో పేజీ తిప్పాను. ఆ ఆరు చీరలకీ వేయించిన ఫాల్సు పాలిస్టర్. వాటి కిందకి కొన్న లంగాలు మరమగ్గానివి. జాకెట్లకి వేసిన లైనింగు ఎక్కడిదో దేవుడికే తెలియాలి. నైటీలు ఐదు. తువ్వాళ్లు ఎనిమిది. దుప్పట్లు, తలగడ గలీబులు, కిటికీ తెరలు, మా ఆయన లుంగీలు, పెళ్లికి వచ్చినవాళ్లకి పెట్టిన జాకెట్ ముక్కలు ఒక కట్ట. ఒక్కటీ చేనేత కాదు. మీటర్లలో వేసి చూశాను. చీరలన్నీ కలిపి 33 మీటర్లు. రెండో పేజీ వంద దాటింది.

అంటే నేను కాలేజీకి కట్టుకెళ్లేది చేనేత, ఇంటికొచ్చి మార్చుకునేది మరమగ్గం. పక్కింటావిడ చూసేది చేనేత, మేము ముసుగుతన్ని పడుకునేది పాలిస్టర్ కలిసిన దుప్పటి. ఎంతవరకు నలుగురి కళ్లూ పడతాయో, నా చేనేత సరిగ్గా అంతవరకే ఉంది. "నేను చేనేత మనిషిని" అని నా గురించి నేను అనుకునే మాటకి ఆరు చీరలు చాలు. ఏడోది కూడా అక్కర్లేదు. దుప్పటి చేనేతదైనా కాకపోయినా ఆ మాట చెక్కుచెదరదు. ఇందులో ఎవర్నో మోసం చేశానని నేను అనుకోవట్లేదు. నలుగురికీ నేను ఎలా కనబడాలనుకుంటానో అది కొనుక్కుంటున్నాను, దాంతోపాటు బట్ట వస్తోంది. అంతే జరుగుతోంది.

ఇది మనతో మొదలైన జబ్బేం కాదు. ఇంగ్లండులో 1791లో బానిస వ్యాపారం ఆపాలన్న తీర్మానాన్ని పార్లమెంటు తోసిపుచ్చింది. అప్పుడు మామూలు జనం చక్కెర మానేశారు, కరీబియన్ దీవుల్లో బానిసలు పండించిన చెరుకు చక్కెర. మూడు లక్షల మంది దాకా మానేశారని ఆ ఉద్యమంలో తిరిగిన థామస్ క్లార్క్‌సన్ అంచనా వేశాడు. ఓటు లేని ఆడవాళ్లకి అది ఓటులా పనికొచ్చింది. పార్లమెంటులో వాళ్ల మాట చెల్లదు, టీ బల్ల దగ్గర చెల్లుతుంది. నాకు ఇది చాలా గొప్పగా అనిపిస్తుంది. తర్వాత కథ వినండి. 1820ల నాటికి ఆ టీ బల్లల మీద కొత్త రకం చక్కెర గిన్నెలు వచ్చాయి. పింగాణీ గిన్నె మీద అందమైన అక్షరాలు: "ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసింది కాదు." చక్కెర ఎవరిదో గిన్నె చెబుతుంది. వచ్చిన చుట్టాలు చదువుకుంటారు. ఈస్టిండియా అంటే ఎవరు? మనమే. మనల్ని ఏలుతున్న కంపెనీ. అదే కంపెనీ ముందే బయానాలిచ్చి కట్టిపడేస్తే మన కోస్తా నేతగాళ్లు తిరగబడ్డ రోజులు అప్పటికి ఎంతో దూరంలో లేవు. ఇంకో సంగతి. 1833లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం తెచ్చినప్పుడు కంపెనీ పాలనలో ఉన్న ప్రాంతాలని అందులోంచి మినహాయించారు. మన దగ్గర చట్టం వచ్చింది 1843లో. అంటే అప్పటిదాకా ఇక్కడ బానిసలు లేరని కాదు, గిన్నె మీద రాయలేదని. ఆ గిన్నెలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. నేను ఫొటోల్లోనే చూశాను. ఎంత ముచ్చటగా ఉన్నాయో! నా పోచంపల్లి చీరలాగే.

ఇప్పుడు మన ఊళ్లకి వద్దాం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1, బెజవాడ. కాంగ్రెస్ కమిటీ సమావేశం. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు తిరగాలి అని అక్కడే తీర్మానించారు. మన పింగళి వెంకయ్య గారు జెండా నమూనా గాంధీ గారి చేతికిచ్చింది కూడా అప్పుడే. ఇంతవరకు పాఠం పుస్తకాల్లో ఉంటుంది. నాకు ఎక్కువ నచ్చేది అదే ఏడు సెప్టెంబరులో జరిగింది. గాంధీ గారు మద్రాసు నుంచి మదురై రైల్లో వెళుతున్నారు. పెట్టెలో జనమంతా విదేశీ బట్టల్లో ఉన్నారు. ఖద్దరు కట్టండని వాళ్లతో మాట కలిపారు. "మేం బీదవాళ్లం, అంత ఖరీదు పెట్టి ఖద్దరు ఎక్కడ కొంటాం?" అన్నారు వాళ్లు. ఒంటి నిండా ఖద్దరు వేసుకుని కూర్చున్న మనిషికి ఆ మాట గుచ్చుకుంది. సెప్టెంబరు 22న మదురైలో చొక్కా, టోపీ, పొడుగు పంచె వదిలేసి కొల్లాయి కట్టారు. ఖరీదైతే తక్కువ కట్టుకోవాలన్నది ఆయనకి తోచిన దారి.

మంచి సరుకు ఖరీదెక్కువ అని ఈ రోజు కూడా ఎవరైనా అంటే మనం ఏం చేస్తాం? "నాణ్యత అర్థం చేసుకోవాలండీ" అని క్లాసు పీకుతాం. లేదా మన దగ్గర డబ్బుంది కాబట్టి మనం కొని, కొననివాళ్ల మీద ఒక మెట్టు ఎక్కి కూర్చుంటాం. తక్కువ కొనడం మాత్రం మనకి తోచదు. నాకూ తోచలేదు. ఆరు చీరలు అన్నాను కదా, అంతకుముందు బీరువాలో ఎన్ని ఉన్నాయో మీరు అడగలేదు, నేను చెప్పను. (నవ్వులు)

1924 డిసెంబరులో బెల్గాంలో కాంగ్రెస్ ఇంకో ప్రయోగం చేసింది. సభ్యుడిగా ఉండాలంటే నాలుగణాల చందా చాలదు, నెలకి రెండు వేల గజాల నూలు ఇవ్వాలి. మనసులో ఉన్న నమ్మకం చేతిలో కనబడాలని. కానీ పక్కనే చిన్న వెసులుబాటు పెట్టారు. వడకడం ఇష్టం లేనివాళ్లు వేరేవాళ్ల చేత వడికించి ఇవ్వచ్చు. మరి చూసుకోండి! ఏడాది తిరక్కుండానే, 1925 సెప్టెంబరులో పాట్నాలో, మళ్లీ నాలుగణాలు ఇచ్చినా చాలన్నారు. నూలు పోయింది. ఖద్దరు చొక్కా మిగిలింది. రెండు వేల గజాలు వడికామో లేదో ఎవరికీ కనబడదు కదా, చొక్కా అయితే దూరం నుంచే కనబడుతుంది.

ఆ తర్వాత ఆ చొక్కాకి ఏమైందో నేను చెప్పాలా? "ఖద్దరు చొక్కా వేసుకున్నాడు" అంటే మన భాషలో ఇప్పుడు ఏమిటర్థం? త్యాగి అనా? సినిమాలో తెల్ల ఖద్దరు చొక్కా, తెల్ల కారు వచ్చాయంటే పక్కన కూర్చున్న పిల్లాడు కూడా "వీడే విలన్" అంటాడు. ఒకప్పుడు జైలుకెళ్లడానికి వేసుకున్న బట్టకి ఇంకే బట్టకీ పట్టనంత చెడ్డపేరు వచ్చింది. బట్ట మీద కోపంతో కాదు. చొక్కా చూసి మనిషిని నమ్మమన్నారు, జనం నమ్మారు, తర్వాత చొక్కా ఒకటే వస్తూ పోయింది.

జెండా సంగతి కూడా చెప్పి ఇది వదిలేస్తాను. జాతీయ జెండా చేత్తో వడికి చేత్తో నేసిన బట్టతోనే ఉండాలని నియమం ఉండేది. 2021 డిసెంబరు 30న దాన్ని మార్చి మిషను మీద చేసిన పాలిస్టర్ జెండాకీ ఒప్పుకున్నారు. బెజవాడ సమావేశానికి నూరేళ్లు నిండిన ఏడాదే. మరుసటి ఆగస్టులో ఇంటింటా జెండా ఎగిరింది, మా ఇంటి మీద కూడా. పాలిస్టరే. వానకి తడిసినా రంగు పోలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

టొరంటో యూనివర్సిటీలో నీనా మాజర్, చెన్-బో జోంగ్ అని ఇద్దరు 2010లో ఒక ప్రయోగం అచ్చేశారు. పర్యావరణానికి మేలు చేసే సరుకులు కొన్నవాళ్లు ఆ వెంటనే ఆడించిన ఆటలో మామూలు సరుకులు కొన్నవాళ్ల కంటే ఎక్కువ తొండి చేశారట. ఒక మంచి పని చేశాం కదా అని మనసు తనకి తానే కొంత సడలింపు ఇచ్చుకుంటుందని వాళ్ల వాదన. తర్వాత ఇంకొందరు అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు, కాబట్టి దాన్ని పట్టుకుని ఊగిపోనక్కర్లేదు. నాకు మాత్రం అది చదవగానే ఒక శ్రావణ శుక్రవారం గుర్తొచ్చింది. పన్నెండు వేలు పెట్టి కొన్న చీర కట్టుకుని, బేరం ఆడకుండా కొన్నానని నలుగురికీ చెప్పుకుని, గుడి ముందు పూలమ్మే ఆవిడతో మూర చామంతులకి పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడాను. ఆవిడ నా వైపు చూడలేదు, చీర వైపు చూసింది. నాకు యూనివర్సిటీ అవసరం లేదు.

సరే, ఇంకో రకం వాళ్లున్నారు. అన్నీ శుద్ధంగా ఉంటే తప్ప ముట్టుకోరు. మా స్నేహితురాలు ఒకావిడ శుద్ధ శాకాహారి, తోలు చెప్పులు కూడా వేసుకోదు. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరంటే ప్రాణం. పొందూరులో దూది ఏకి శుభ్రం చేసేది దేనితోనో మీకు తెలుసా? వాలుగ చేప దవడ ఎముకతో. సన్నటి పళ్ల వరస ఉంటుంది, దానితో దువ్వితే గింజ మీద దూది పోగులు సాఫుగా విచ్చుకుంటాయి. అందుకే అంత సన్నటి నూలు వస్తుంది. ఇది ఆవిడకి నేను చెప్పలేదు. ఇక్కడికి రాలేదు కాబట్టి మీకు చెబుతున్నాను. (నవ్వులు)

ఖద్దరు, చేనేత ఒకటే అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది. ఖద్దరులో నూలు చేత్తో వడికింది. చేనేతలో నేత మాత్రమే చేత్తో, నూలు మిల్లుది, చిలపలుగా, అంటే చుట్టలుగా వస్తుంది. ఆ మిల్లుకి దూది ఎక్కడిది? 2002లో బీటీ పత్తికి, అంటే జన్యువు మార్చిన పత్తికి, అనుమతి వచ్చాక మన పొలాల్లో దాదాపు అంతా అదే. కాబట్టి నా మంగళగిరి చీర మొదలు పట్టుకుని వెనక్కి వెళితే గుంటూరు పురుగుమందుల కొట్టు దగ్గర తేలతాం. శుద్ధమైన బట్ట కావాలనుకుంటే దొరకదు. ఎవరి పొట్ట నిండుతోంది, ఎవరి భుజం అరుగుతోంది అని అడిగితే మాత్రం జవాబు దొరుకుతుంది.

భుజం అని ఊరికే అనలేదు. పోచంపల్లి రకం చీరకి రంగులు అద్దే ముందు నూలుని ఆసు మీద, అంటే మేకులున్న చట్రం మీద, పోయాలి. ఒక్క చీరకి చెయ్యి అటూ ఇటూ తొమ్మిది వేల సార్లు తిరగాలి. ఇంట్లో ఆడవాళ్ల పని అది. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999లో ఆసు మిషను తయారుచేశారు. అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు మిషను అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒకసారి ఎగ్జిబిషన్లో నా పక్కన నిలబడ్డ ఒకావిడ "ఆసు మిషనుదైతే నాకొద్దు, అంతా చేత్తో చేసిందే కావాలి" అంది. గట్టిగానే అంది. ఆవిడకి కావాల్సింది చీర, దాంతోపాటు ఇంకెవరిదో భుజం నొప్పి. నేను ఏమీ అనలేకపోయాను. అలాంటిది నేనూ ఎప్పుడో అనే ఉంటానని భయం.

మా బాబాయ్ ఇప్పటికీ నేస్తాడు. ఎప్పుడు చూసినా పాలిస్టర్ చొక్కా. పదేళ్ల క్రితం నేను చేనేత పిచ్చిలో నిండా మునిగి ఉన్న రోజుల్లో అడిగాను, "ఏం బాబాయ్, నువ్వే నేసి నువ్వే ఇది వేసుకుంటే ఎట్లా?" అని. నాడె ఆపలేదు. "చీర నాది కాదమ్మా, మజూరీ నాది" అన్నాడు. నూలు మాస్టర్ వీవర్, అంటే పెట్టుబడి పెట్టి నేయించే ఆసామి, ఇస్తాడు, చీర ఆయనే తీసుకెళతాడు, చేతికొచ్చేది కూలి. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో నేత పని, దాని అనుబంధ పనులు చేసేవాళ్లు 35 లక్షల మంది. నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్లే. మూడింట రెండొంతుల ఇళ్లలో నెల రాబడి ఐదు వేలు దాటదు. బాబాయ్ నన్ను తిట్టలేదు, వెక్కిరించలేదు. కాసేపాగి "తువ్వాళ్ల కాలమే నయం" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు నోట్‌బుక్కు రెండో పేజీ రాయాల్సి వచ్చింది. ఒకప్పుడు సొసైటీలు తువ్వాళ్లు, లుంగీలు, దుప్పట్లు, పంచెలు నేయించేవి. వాటికి పండగ అక్కర్లేదు, ఫొటో అక్కర్లేదు, చిరిగితే మళ్లీ కొంటారు. పెద్ద లాభం ఉండదు, కానీ మగ్గం ఆగదు. ఆ బజారంతా మరమగ్గం పట్టుకుపోయింది. 1985లో కొన్ని రకాలు చేమగ్గానికే కేటాయిస్తూ చట్టం చేశారు, చీర, పంచె, తువ్వాలు, లుంగీ, దుప్పటి అందులో ఉన్నాయి. ఏ సంతకైనా వెళ్లి ఆ చట్టం ఎంత బాగా నడుస్తోందో చూసుకోండి. చేమగ్గానికి మిగిలింది చీర. చీరకి పెళ్లిళ్ల కాలం, ఆషాఢం డిస్కౌంటు, మధ్యలో ఖాళీ. వానాకాలంలో గుంటలో నీళ్లూరితే అసలే పని ఉండదు. మనకి ఏడాదికి ఒక గొప్ప రోజు చాలు. మగ్గానికి మిగతా 364 రోజులూ పని కావాలి.

అది తెలిసొచ్చాక ఏం చేశానంటే, ఒక సొసైటీకి వెళ్లి దుప్పట్లు అడిగాను. లేవన్నారు. నేసేవాళ్లున్నారు, అడిగేవాళ్లు లేరు. సరే నేను అడుగుతున్నాను కదా, నాలుగు నేయించండి అన్నాను. అక్కడ ఉన్న పెద్దాయన నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశాడు. "నాలుగింటికి పడుగు ఎక్కించరమ్మా. ఒక పడుగుకి ముప్పై వస్తాయి. ముప్పైకి అడిగేవాళ్లుంటే రండి" అన్నాడు. పడుగంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలు. మగ్గం పక్కన పుట్టినదాన్ని, నాకు ఆ సంగతి తెలిసుండాలి. చీర అయితే ఎవరో ఎప్పుడో పడుగు ఎక్కించి పెట్టి ఉంచుతారు, మనం ఒక్కళ్లం వెళ్లి మనకి నచ్చింది ఏరుకుంటాం. దుప్పటి అలా కుదరదు.

స్టాఫ్ రూంలో అడిగాను. కొందరు ధర అడిగారు, కొందరు రంగులు అడిగారు. ఒకాయన "మేడం, దుప్పటి మీద చేనేత అని రాసుంటుందా?" అన్నారు. రాసి ఉండదన్నాను. పదకొండు అయ్యాయి. మా ఇంటికి నాలుగు, పదిహేను. మా అపార్టుమెంటులో నాలుగు. పంతొమ్మిది.

ఆ కాగితం అదిగో, పుస్తకాలు ఇచ్చే బల్ల మీద పెట్టాను, పక్కనే పెన్ను ఉంది. ఇంకో పదకొండు కావాలి. నీలం గళ్లు, ఒకటే రకం, ఎంచుకోవడానికి ఏమీ లేదు. ధర మీరు బజార్లో పెట్టేదానికి దాదాపు రెండింతలు ఉంటుంది, ముందే చెబుతున్నాను. మొదటి ఉతుకులో కాస్త రంగు దిగుతుంది, తెల్లబట్టలతో కలిపి నానబెట్టకండి. ప్రశ్నలుంటే అడగండి. వెనక ఎవరో చెయ్యెత్తారు, మీరేనా అండీ?